‘ఆ అంశం మీద ఒక కథ వేసేశాం’: తెలుగు సంపాదకులకు, ప్రచురణకర్తలకు, కథల పోటీల న్యాయనిర్ణేతలకు బహిరంగ లేఖ

మాన్యులైన సంపాదకులకు, ప్రచురణకర్తలకు, కథల పోటీలకు న్యాయనిర్ణేతలుగా వ్యవహరించే పెద్దలకు నమస్కారాలు.

కిందటి ఏడాది చెన్నైలో జరిగిన ఒక తెలుగు సాహిత్య సభలో, ప్రసంగాలు ముగిసి ప్రశ్నలకు వేళైనప్పుడు, వెనక వరుసలోంచి ఒక కుర్రవాడు లేచి, ఇద్దరు యువకుల ప్రేమ మీద తాను ఒక జానపద నవలిక రాశానని, దాన్ని పత్రికకు పంపవచ్చునా అని వేదిక మీద ఉన్న సంపాదకుణ్ని అడిగాడు. ఆ సంపాదకుడు కోప్పడలేదు, వెటకారమూ చేయలేదు. చాలా మర్యాదగా, "ఆ అంశం మీద మేం ఒక కథ వేసేశాం బాబూ" అన్నారు. సభలో ఎవరికీ ఆ మాట ఎబ్బెట్టుగా అనిపించినట్టు లేదు. కుర్రవాడు కూడా తలూపి కూర్చున్నాడు. ఆ పత్రిక పేరు, ఆ సంపాదకుడి పేరు ఇక్కడ అనవసరం. ఆ జవాబు ఆయన ఒక్కరిదే అయితే ఈ ఉత్తరం రాసేదాన్నే కాదు. మన పత్రికల్లో, సంకలనాల్లో, పోటీ ఫలితాల్లో చాలాకాలంగా ఈ జవాబే రకరకాల రూపాల్లో నడుస్తోందని నాకు గట్టిగా అనిపిస్తోంది కనుక మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

అమెరికా వెళ్లిన కొడుకు ఫోను కోసం ఎదురుచూసే తల్లిదండ్రుల మీద ఇదివరకే ఒక కథ వేశాం కనుక ఇక వద్దని మీరు ఎప్పుడైనా ఎవరి కథనైనా తిప్పి పంపారా? ఆ లెక్కన చూసుకుంటే ఈపాటికి సగం ఆదివారం అనుబంధాలు ఖాళీ పేజీలతో వచ్చేవి. స్త్రీపురుషుల ప్రేమ మీద వచ్చిన వెయ్యో కథను కూడా మీరు కథగానే చదువుతారు. నడక బాగుందా, సంభాషణలు అతికాయా, ముగింపు నిలబడిందా అని చూస్తారు. అదే ఇద్దరు ఆడవాళ్ల ప్రేమో, ఇద్దరు మగవాళ్ల ప్రేమో, ఒక ట్రాన్స్ మహిళ (పుట్టినప్పుడు మగబిడ్డ అన్నా స్త్రీగా బతికే మనిషి) ప్రేమో అయ్యేసరికి అది కథల వరసలోంచి తప్పుకుని ‘అంశాల’ వరసలోకి వెళ్లిపోతుంది. అంశానికి ఒక కథ చాలు కదా. ఆ ఒక్కదానితో పత్రిక తన ఉదారతను చాటుకున్నట్టే, ఇక ఖాతా మూసేయవచ్చు. నేను అడగదలచుకున్నది చిన్నది. సమస్యగానో సందేశంగానో కాకుండా, చదివి హాయిగా నిట్టూర్చే ప్రేమకథలుగా, మాయలూ మంత్రాలూ ఉన్న జానపదాలుగా ఈ ప్రేమలు తెలుగులో రావాలి. వాటిని మిగతా కథలను తూచే తక్కెడలోనే తూచాలి, తేలిపోతే తిప్పి పంపాలి.

నా గురించి రెండు మాటలు. నేను పెరంబూరులో ఉంటాను. మా నాన్నగారు ఇక్కడి రైలుపెట్టెల కర్మాగారంలో ఉద్యోగానికని నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడ్డారు. నేను ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో గుమస్తాగా చేరి ఆఫీసరుగా పదవీ విరమణ చేశాను. చదువరినే తప్ప రచయిత్రిని కాను. కొన్నేళ్లుగా నేను ఎక్కువగా చదువుతున్నది ఇంగ్లీషులో వచ్చే క్వీర్ రొమాన్సులు, క్వీర్ ఫాంటసీలు, అంటే ఇందాక చెప్పిన స్వలింగ ప్రేమల, ట్రాన్స్ మనుషుల కథలు. ఈ మాట చెప్పగానే ఎదుటివారి మొహంలో, "ఇంతకీ మీరు..." అన్న ప్రశ్న ఒకటి మెదులుతుంది. అపరాధ పరిశోధన నవలలు చదివేవాళ్లను మీరెవరినైనా చంపారా అని ఎవరూ అడగరు. డబ్బు పెట్టి పుస్తకాలు కొనే మనిషిని అని చెబితే ఈ ఉత్తరానికి సరిపోతుంది.

తెలుగులో అసలేమీ రాలేదని అంటే అన్యాయమవుతుంది. తమిళనాట పుట్టి, బెంగళూరులో హక్కుల కోసం పనిచేసిన ఎ. రేవతి గారి జీవితకథను పి. సత్యవతి గారు ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు, దానికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది. ఆ పుస్తకాన్ని నేను మా కాలనీలో చాలామంది చేత చదివించాను. అయితే ఆత్మకథ సాక్ష్యం లాంటిది. తమ మీద జరిగిన హింసను నోరు విప్పి చెప్పినవారికి దక్కవలసిన గౌరవం దక్కవలసిందే గానీ, కొందరు మనుషుల గురించి ఒక భాషలో సాక్ష్యాలు మాత్రమే ఉంటే ఆ మనుషులు ఎప్పటికీ బోనులో నిలబడే ఉంటారు. వాళ్లకు సరదాలు ఉండవు, అలకలు ఉండవు, రెక్కల గుర్రాలు ఉండవు.

ఇక కథల సంగతి. బహుమతులు అందుకున్నవీ, సంకలనాలకెక్కినవీ నాకు దొరికినంతవరకు శ్రద్ధగా చదివాను. చాలావాటి కట్టడం ఒక్కటే. కొడుకు బెంగళూరులోనో హైదరాబాదులోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంటాడు. వచ్చిన సంబంధమల్లా ఏదో వంకతో తప్పిస్తుంటాడు. తల్లి ఒకనాడు చెప్పాపెట్టకుండా అతని గదికి వెళుతుంది, లేదా అతను స్నానం చేస్తుండగా మోగిన ఫోను ఎత్తుతుంది. ఏడుపు, తండ్రి మౌనం, మేనమామ సలహాలు. అప్పుడు ఒక డాక్టరు గారు ప్రవేశించి, ఇది జబ్బు కాదనీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసిందనీ ఒక పేజీ పాఠం చెబుతారు. చివరికి తల్లి కరుగుతుంది, కొడుకు కళ్లు తుడుచుకుంటాడు. లేదంటే తల్లి కరిగే వేళకు కొడుకు ఫ్యానుకు వేలాడుతూ ఉంటాడు.

ఈ కథల్లో నాకు ప్రతిసారీ వెలితిగా అనిపించేది ఆ రెండో అబ్బాయి లేకపోవడం. కొడుకు ఎవరిని ప్రేమించాడో అతనికి ఒక పేరుంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. అతను దేనికి నవ్వుతాడో, కోపమొస్తే ముడుచుకుని పడుకుంటాడో గిన్నెలు విసురుతాడో, జీతం రాగానే ఊరికి ఎంత పంపుతాడో, కథానాయకుడు అతన్ని మొదటిసారి ఎక్కడ చూశాడో, చూసిన క్షణాన ఏం మతి పోగొట్టుకున్నాడో మనకు చెప్పరు. ప్రేమకథ అని అచ్చువేసిన కథలో ప్రేమించబడినవాడు గైర్హాజరు. కథ నడిచేదంతా తల్లి మనసు మారడం చుట్టూనే. తల్లుల కథలు నాకూ ఇష్టమే, మంచివి వస్తే కళ్లు చెమర్చుతాయి కూడా. కానీ వాటికి బహుమతి ఇచ్చి, క్వీర్ కథకు ఇచ్చామని చెప్పుకోవడం మాత్రం చిట్టాలో తప్పుడు పద్దు రాయడమే.

విషాదాంతాన్ని గొప్ప సాహిత్యమని, సుఖాంతాన్ని కాలక్షేపమని చూసే అలవాటు మనకు ఎప్పటినుంచో ఉంది. ఈ విషయంలో ఆ అలవాటు మరీ హాని చేస్తోంది. ఇ. ఎం. ఫార్‌స్టర్ అనే ఇంగ్లీషు రచయిత 1913-14లో ఇద్దరు మగవాళ్ల ప్రేమ మీద ‘మారిస్’ అనే నవల రాశాడు. చివర ఆ ఇద్దరూ ఒకటవుతారు. ఆ సుఖాంతం లేకపోతే రాసేవాణ్నే కానని, ఆ సుఖాంతం వల్లనే పుస్తకం అచ్చుకు నోచుకోవడం కష్టమైందని, కుర్రవాడు ఉరికి వేలాడినట్టు ముగించి ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదని 1960లో దానికి రాసుకున్న చివరిమాటలో అన్నాడు. ఆయన 1970లో పోయాక, 1971లో గానీ నవల వెలుగు చూడలేదు. ఆ నవల రాసిననాటి ఇంగ్లండులో అటువంటి ప్రేమ శిక్షార్హమైన నేరం. మన దేశంలో ఆ నేరం పోయింది కూడా. అయినా మన పోటీల్లో మాత్రం ఉరితాడు కథకే ఇప్పటికీ మొగ్గు కనిపిస్తోంది.

ప్రేమకథలో జంట కలుస్తుందన్న హామీ మన పాఠకులకు కొత్తదేమీ కాదు. 1960లలో ‘జ్యోతి’ మాసపత్రికలో యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ సీరియల్‌గా వస్తున్నప్పుడు, జయంతీ రాజశేఖరమూ చివరికి ఏమవుతారో చదివేవాళ్లు ఊహించలేకపోయారా? ఊహించగలిగే నెలనెలా పోస్టుమాన్ కోసం గుమ్మంలో నిలబడ్డారు. వాళ్లు ఎలా కలుస్తారు, ఎవరి అహం ముందు దిగుతుంది, ఆ ఒక్క మాట ఎవరి నోట ముందు వస్తుంది, ఇదే కదా ఆ చదువులోని రుచి! పెరంబూరు అద్దె పుస్తకాల షాపులో మా అమ్మ, పక్కింటి పిన్ని గారు ఒకే నవల కోసం చీటీ రాసి వంతులేసుకునేవారు. ఆ సుఖం మీద హక్కు ఆడామగా జంటలకే ఎందుకు రాసిచ్చామో ఎవరైనా ఆలోచించి నాకు జవాబు చెబితే బాగుంటుంది.

"బయట అలా జరగడం లేదు కదమ్మా, లేని సుఖాంతాన్ని ఎలా రాస్తారు?" అని మీరు అడగవచ్చు. బయట ఏం జరుగుతోందో చెన్నైలో కూర్చుని చూస్తున్నాను కనుక చెబుతాను. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన శిక్షాస్మృతి 377వ సెక్షన్ నుంచి పెద్దవాళ్ల ఇష్టపూర్వక సంబంధాలను తప్పించింది. మదురై నుంచి పారిపోయి చెన్నై చేరుకున్న ఇద్దరు అమ్మాయిల కేసులో, 2021 జూన్ 7న మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఆనంద్ వెంకటేశ్, ముందు తనకే ఈ విషయం అర్థం కావాలని తాను కౌన్సెలింగ్‌కు కూర్చుని, ఆ తర్వాత ఉత్తర్వులిచ్చారు. ‘నయం చేస్తాం’ అనే వైద్యాలను నిషేధించాలన్నారు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలకు గుర్తింపు ఇవ్వలేమంది. 2025 మే నెలలో మళ్లీ ఇదే మద్రాసు హైకోర్టు, పుట్టింటివాళ్లు నిర్బంధించిన ఒక యువతిని విడిపించి, కుటుంబం ఏర్పడడానికి పెళ్లి ఒక్కటే దారి కాదని చెప్పింది. అంటే ఈ నగరంలో ఇవాళ ఒక జంట కలిసి బతకవచ్చు, పెళ్లి నమోదు చేసుకోవడం కుదరదు, ఇద్దరూ కలిసి బిడ్డను దత్తత తీసుకోలేరు, ఇల్లు అద్దెకు అడిగితే అక్కాచెల్లెళ్లమని చెప్పుకోవాలి. సగం తెరిచిన తలుపు దగ్గర నడిచే ఇటువంటి కాపురంలో రొమాన్స్ రచయితకు కావలసినన్ని చిక్కులు ఉన్నాయి, చిక్కులు విడిపోయే దారులూ ఉన్నాయి.

నేను ఉద్యోగంలో ఉండగా ఇద్దరు నడివయసు స్త్రీలు, పెద్దావిడ పేర ఖాతా తెరిచి రెండో ఆవిడను నామినీగా పెట్టడానికి వచ్చారు. నామినేషన్ కోసం అప్పట్లో ఇచ్చే డీఏ-1 ఫారంలో ‘డిపాజిటరుతో సంబంధం, ఏదైనా ఉంటే’ అని ఒక గడి ఉండేది. పెద్దావిడ ఫారమంతా గబగబా నింపి ఆ గడి దగ్గర ఆగింది. రెండో ఆవిడ గోడ మీది క్యాలెండరులో సెలవులు లెక్కపెడుతున్నట్టు నిలబడింది గానీ ఆవిడ చెవులు ఇటే ఉన్నాయి. కొంతసేపటికి పెద్దావిడ ‘స్నేహితురాలు’ అని రాసి, ఫారం నావైపు జరుపుతూ, ఇది చాలా అని తమిళంలో అడిగింది. చాలని చెప్పి సీలు వేశాను. ఆ తర్వాత చాలాకాలానికి, 2024 ఆగస్టులో, క్వీర్ జంటలు ఉమ్మడి ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి ఏ ఆంక్షా లేదని కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసినప్పుడు నాకు ముందుగా ఆ పెన్ను ఆగడమే గుర్తొచ్చింది. ఆ గడితో ఒక నవల మొదలుపెట్టవచ్చు. దానికి డాక్టరు గారి పాఠం అక్కర్లేదు, ఫ్యానూ అక్కర్లేదు.

ఇక జానపదానికి వస్తాను. నిజం చెప్పాలంటే నా మక్కువ అక్కడే. 1947 జూలైలో ఈ మద్రాసు నగరంలోనే ‘చందమామ’ పుట్టింది. వడపళని నుంచి వచ్చిన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు, చిత్రా గారి బొమ్మలు చూసి మా తరానికి లోయలంటే, శిథిలాలంటే, అర్ధరాత్రి మంత్రగాళ్లంటే మోజు పుట్టింది. ఆ సీరియళ్లలో ఎన్నోసార్లు ఇద్దరు యువకులు జతగా అడవులు దాటతారు, ఒకరి కోసం ఒకరు ప్రాణాలొడ్డుతారు. వాళ్లను ప్రేమికులని ఇప్పుడు నేను తిరగరాయబోవడం లేదు. ఆ రచయిత ఉద్దేశం అది కాదు, పాత కథల మీద కొత్త అర్థాలు రుద్దడం నాకు నచ్చదు కూడా. నేననేది, మంచి జానపదానికి కావలసిన దినుసులన్నీ మన వంటింట్లోనే ఉన్నాయని. ఆ జతలోని ఒకడు రెండోవాడి గాయానికి కట్టు కడుతున్నప్పుడు వాడి చేయి వణికింది అని రాసే కుర్రవాడు ఇప్పుడు పుట్టాడు, నవలిక తెచ్చి మీ ముందు నిలబడ్డాడు.

ఈ సందర్భంలో మన మేధావులు వెంటనే పురాణాల జాబితా విప్పుతారు. శిఖండి, బృహన్నల, మోహిని అనే మూడు పేర్లు లేని ప్రసంగం ఈ విషయం మీద నేను వినలేదు. ఆ జాబితాకు నేనూ మరికొన్ని కలపగలను. భాగవతం నవమ స్కంధంలో సుద్యుమ్నుడు ఒక వనంలో అడుగుపెట్టి స్త్రీ అయిపోతాడు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన రాసిన ‘కళాపూర్ణోదయం’లో సుముఖాసత్తి, మణిస్తంభుడు ఒకరి రూపం ఒకరు పొందుతారు, కథకు నాయకుడైన కళాపూర్ణుడు పుట్టేది ఆ తర్వాతే. ఊహ విషయంలో సూరనకు ఎవరూ సాటి రారు. కానీ చూడండి, రూపాలు మారాయే గానీ జంట లెక్క మారలేదు. ఆవిడ మగవాడయ్యే సరికి ఆయన ఆడదయ్యాడు. శాపమో వరమో వచ్చి అంతా మళ్లీ పాత లెక్కలోకి తెస్తుంది. ఇప్పటి రచయిత ఎవరైనా ఇద్దరు స్త్రీలను రెండువందల పేజీలు ప్రేమలో నడిపించి, ఆఖరి అధ్యాయంలో ఒక ఋషిని పట్టుకొచ్చి ఒకామెను పురుషుణ్ని చేసేస్తే, అది ఎంత అందమైన భాషలో ఉన్నా నేను పుస్తకం మూసేస్తాను. పురాణాల్లో ఉంది కనుక ఒప్పుకోండి అన్న వాదన కూడా నాకు రుచించదు. లేకపోతే ఒప్పుకోరా మరి?

క్వీర్ ఫాంటసీ ఇంగ్లీషులో ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి ఒక్క పుస్తకం చాలు. తాషా సూరి రాసిన ‘ది జాస్మిన్ థ్రోన్’లో సామ్రాజ్యాన్ని ధిక్కరించిన ఒక రాజకుమారిని పాడుబడిన గుడిలో బంధిస్తారు, అక్కడ పనిచేసే దాసికి గుప్తమైన మంత్రశక్తి ఉంటుంది, వాళ్లిద్దరి మధ్య అనుమానం, అవసరం, ప్రేమ ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పోతాయి. ఆ లోకంలోని గుళ్లు, పూలు, చీరలు మనకు తెలిసినవే. 2022లో దానికి ప్రపంచ ఫాంటసీ పురస్కారం వచ్చింది. ఆ నవల మన నేల వాసనతో ఉండి, మనం దాన్ని ఇంగ్లీషులో చదవాల్సి రావడం నాకు కొంచెం చిన్నతనంగానే ఉంటుంది.

తెలుగులో రాసేవారికి నా వైపు నుంచి ఒక హెచ్చరిక కూడా ఉంది. కొందరు కొత్త రచయితలు తమ కల్పిత రాజ్యంలో ఎవరు ఎవరిని ప్రేమించినా ఎవరూ తప్పుపట్టరని మొదటి పేజీలో ప్రకటించి, మిగతా లోకాన్ని యథాతథంగా ఉంచేస్తారు. ఒక్క నియమం మారితే ఇల్లంతా మారాలి కదా! ఇద్దరు స్త్రీలు నిరాటంకంగా పెళ్లాడే రాజ్యంలో కన్యాదానం ఎవరు ఎవరికి చేస్తారు? పుట్టింటివారూ అత్తింటివారూ అనే తేడా ఎక్కడ గీస్తారు? పట్టపురాణులు ఇద్దరైతే సింహాసనానికి వారసుడెవరు? దత్తత అంటారా, మంచిదే, మన రాజుల చరిత్రలో దత్తతల చుట్టూ జరగని కుట్ర లేదు. ఏ సామంతుడి ఇంటి బిడ్డను తెచ్చుకుంటారన్న ఒక్క ప్రశ్న మీదే యుద్ధం జరిపించవచ్చు. ఒకరు పోతే రెండో ఆమె బొట్టు సంగతేమిటి? ఈ ప్రశ్నలకు జవాబు వెతికిన రచయిత్రి పుస్తకంలో ఆ లోకం నమ్మేలా ఉంటుంది.

మన దగ్గర వీటన్నిటికంటే ముందు అడ్డొచ్చేది కులం. ఇద్దరు అబ్బాయిలు కలిసి బతకాలనుకున్నారని తెలిసిన ఇంట్లో, మొదటి ఉప్పెన తగ్గాక వచ్చే ప్రశ్న, "ఇంతకీ ఆ పిల్లాడు ఎవరట?" అన్నది. ఆ ‘ఎవరట’లో ఏముందో తెలుగువాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. మన క్వీర్ కథల్లో ఇద్దరూ ఒకే రకం ఇళ్ల నుంచి, ఒకే రకం ఉద్యోగాల నుంచి రావడం నాకు అసహజంగా కనిపిస్తుంది. జానపదంలోనైనా తెగలు, కోటలోపలివాళ్లు, కోటవెలుపలివాళ్లు ఉంటారు గదా, అక్కడైనా ఈ ప్రశ్నను దాటేయకుండా రాయవచ్చు.

ఇంగ్లీషులో వచ్చేదంతా బంగారమని నేను అనుకోవడం లేదు. విధి ముడివేసింది కనుక ప్రేమించక తప్పదనే మంత్రబంధం కథలు విసుగు పుట్టిస్తాయి. కాదనే వీలు లేని చోట ఔననడానికి విలువేముంది? ఇద్దరు మగవాళ్ల మధ్యకు వచ్చిన ప్రతి ఆడపిల్లనూ అసూయాపరురాలిగా చేయడం, జంటలో ఒకణ్ని కండలవీరుడిగా, రెండోవాణ్ని పాత సినిమా నాయికలా కళ్లు వాల్చుకునేవాడిగా మలచడం, ట్రాన్స్ పాత్ర వస్తే నాయికకు మంచిమాటలు చెప్పి మాయమైపోయే పెద్దమ్మగా వాడుకోవడం, ఇవి చూసీ చూసీ అలిసిపోయాను. తెలుగులో ఇవి అనువాదమై రావాలని నేను కోరడం లేదు.

అసభ్యత ప్రస్తావన వస్తుందని తెలుసు. దీని గురించి మద్రాసు తెలుగు ప్రచురణ చరిత్రలో ఒక పాఠం ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన ‘రాధికాసాంత్వనం’ను బెంగళూరు నాగరత్నమ్మ గారు పరిష్కరించి ఇస్తే, 1910లో వావిళ్లవారు ప్రచురించారు. స్త్రీ తన కోరికను తానే చెప్పిన ఆ కావ్యం అశ్లీలమని ఫిర్యాదులు వెళ్లి, 1911లో ప్రభుత్వం ప్రతులను పట్టుకుంది. టంగుటూరి ప్రకాశం పంతులు గారు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నిషేధం తొలగించారు. 1952లో మళ్లీ అచ్చయింది. ఆ కాలంలో మగ కవుల శృంగార ప్రబంధాలు పాఠ్యపుస్తకాలుగా కూడా చలామణీలో ఉన్నాయన్నది మరచిపోవద్దు. ఇప్పుడు ‘కుటుంబ సమేతంగా చదవదగిన కథలు మాత్రమే’ అని పోటీ నిబంధనల్లో పెట్టే మీరు, ఏ కొలబద్దతో కొలుస్తున్నారో ఒకసారి చూసుకోండి. నాయకుడు నాయికను వానలో ఎత్తుకుంటే కుటుంబ సమేతం, ఒక అమ్మాయి ఇంకో అమ్మాయి జడలో పువ్వు తురిమి చేయి తీయకపోతే అభ్యంతరకరం అయితే, ఆ నిబంధన సభ్యత కోసం పెట్టినది కాదని ఎవరికైనా తెలిసిపోతుంది.

పక్కవాళ్లు ఏం చేస్తున్నారో కూడా చూడండి. కన్నడంలో వసుధేంద్ర గారి స్వలింగ ప్రేమ కథల సంపుటి ‘మోహనస్వామి’ 2013లోనే వచ్చింది. తమిళంలో క్వీర్ చెన్నై క్రానికల్స్ సంస్థ 2018 నుంచి సాహిత్యోత్సవం జరుపుతూ పుస్తకాలు కూడా వేస్తోంది. ట్రాన్స్ మహిళల రచనల కోసం తిరునంగై ప్రెస్ ఉంది. జనవరిలో నందనం వైఎంసీఏ మైదానంలో జరిగే చెన్నై పుస్తక ప్రదర్శనలో ఆ తమిళ పుస్తకాలు తిరగేస్తూ నిలబడే కాలేజీ పిల్లల్లో మన తెలుగు ఇళ్ల పిల్లలూ ఉంటారు. వాళ్లు తెలుగులో ఇలాంటివి ఏమున్నాయని అడిగితే నేను మళ్లీ సత్యవతి గారి అనువాదం పేరే చెబుతాను.

మీ నుంచి నేను కోరేవి చాలావరకు ఖర్చులేనివే. పోటీ ప్రకటనలో ‘సందేశాత్మకంగా ఉండాలి’ అన్న వాక్యం తీసేయండి. న్యాయనిర్ణేతల్లో కనీసం ఒకరు రొమాన్సులూ ఫాంటసీలూ ఇష్టంగా చదివేవాళ్లై ఉండేలా చూడండి. ప్రేమకథలంటేనే పెదవి విరిచే పెద్దమనిషికి ఇవి ఇస్తే ఏం తేలుతుంది? అన్నిటికంటే ముఖ్యం, కథ కింద రచయిత ఫోను నంబరు వేయడం, హామీపత్రంతో పాటు ఫోటో, పూర్తి చిరునామా అడగడం. మీకది మామూలు ఆనవాయితీ. అమ్మానాన్నలతో కలిసి ఉంటూ ఇటువంటి కథ రాసిన ఇరవై రెండేళ్ల అమ్మాయికి మాత్రం ఆ నంబరు అచ్చయిన ఆదివారం తర్వాత ఇంట్లో ఉండే పరిస్థితి ఉండకపోవచ్చు. అసలు పేరు మీ దగ్గరే ఉంచుకుని మారుపేరుతో వేయండి, పారితోషికం కూడా బయటికి చెప్పకుండా ఖాతాలో వేయండి. మన సాహిత్యంలో మారుపేర్లకు ఎన్నడూ కొదవ లేదు. ఆడపేర్లతో రాసిన మగవాళ్లను ఎంతమందిని మీరే మోశారో మీకు తెలుసు.

చివరగా ముఖచిత్రాల గురించి ఒక మనవి. మీరు ఎప్పుడైనా ఇటువంటి నవల వేస్తే, దయచేసి అట్ట మీద ఇంద్రధనుస్సు వేయకండి, పగిలిన అద్దం వేయకండి, మొహం మోకాళ్లలో దాచుకున్న మనిషిని అసలే వేయకండి. జానపదమైతే కోట వేయండి, కత్తి వేయండి, చిత్రా గారి బొమ్మల్లో ఉన్నట్టు నోరు తెరిచిన కొండగుహ ఒకటి వేయండి. బస్సులో కూర్చుని ధైర్యంగా చదువుకునేలా ఉండాలి. పోస్టులో పంపేటప్పుడు పార్సిల్ మీద మీ సంస్థ పేరు చాలు, పుస్తకం పేరు రాయకండి. ఆ పార్సిల్ చాలా ఇళ్లలో తల్లి చేతికే అందుతుంది. నాకు మాత్రం పేరు రాసే పంపవచ్చు. ఐదు ప్రతులు కావాలి, డబ్బు ముందుగానే పంపుతాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు
పెరంబూరు, చెన్నై